మావాడు ఇంట్లోనే సీఎన్‌సీ రౌటర్ చేస్తున్నాడు... ఆపమనాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. తలుపులు, కిటికీలు చేసే చిన్న వర్క్‌షాప్ ఉంది. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో ఈఈఈ రెండో సంవత్సరం. తలుపుల మీద డిజైన్లు చెక్కేందుకు ఏడాదిగా సొంతంగా సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే యంత్రం) తయారు చేస్తున్నాడు. మూడు నీమా 23 స్టెప్పర్ మోటార్లు, వాటిని నడిపే టీబీ6600 డ్రైవ్‌లు, వాటికి ఆదేశాలిచ్చే ఆర్డుయినో ఊనో బోర్డు పెట్టాడు. చెక్కడానికి చేతి ట్రిమ్మర్‌నే బిగించి, చిన్న నీలం రంగు రిలే (సిగ్నల్‌తో పనిచేసే స్విచ్) బోర్డుతో ఆన్, ఆఫ్ చేస్తున్నాడు. ఒక డ్రైవ్ ఇప్పటికే కాలిపోయింది. మొన్న పని అయిపోయినా ట్రిమ్మర్ ఆగలేదు, ప్లగ్గు పీకాల్సి వచ్చింది. ఇప్పుడు 2.2 కిలోవాట్ల స్పిండిల్ (బిట్టును తిప్పే మోటారు) కొనిపెట్టమంటున్నాడు. దీంట్లో భవిష్యత్తు ఉందా, చదువు పాడవుతుందా?

జవాబు: ఆపమనకండి. స్పిండిల్ మాత్రం ఇప్పుడే కొనకండి. ట్రిమ్మర్ ఎందుకు ఆగలేదో తేలేదాకా ఆ యంత్రానికి కరెంటు ఇవ్వనివ్వకండి. ఆ తప్పును మీవాడే వెతికి, సరిచేసి, కాగితం మీద గీసి చూపించగలిగితే, అదే అతని మొదటి ఉద్యోగానికి పనికొచ్చే చదువు.

ముందు ఆ రిలే సంగతి. దాని మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని రాసి ఉంటుంది. ఆ 10 ఆంపియర్లు హీటర్ లాంటి లోడుకు చెప్పిన లెక్క. 700 వాట్ల ట్రిమ్మర్ నడిచేటప్పుడు 3 ఆంపియర్లే తీసుకున్నా, మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. ఆగేటప్పుడు కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ సాగుతుంది. కొన్నాళ్లకు రెండు కాంటాక్టులూ కరిగి అతుక్కుపోతాయి. అప్పుడు ఆపమనే ఎం5 కమాండ్ వెళ్తుంది, బోర్డు మీద లైటు ఆరిపోతుంది, ట్రిమ్మర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. రిలే పైమూత తీసి చూడమనండి. మంచి కాంటాక్టు నున్నగా మెరుస్తుంది. అతుక్కున్నది నల్లగా, మధ్యలో చిన్న పొక్కులా ఉంటుంది. కరెంటు లేనప్పుడు కామన్‌కు, ఎన్ఓకు (మామూలుగా విడిగా ఉండే కాంటాక్టుకు) మధ్య మల్టీమీటర్ కుయ్యిమంటే ఇక అనుమానం అక్కర్లేదు.

కాంటాక్టు బాగానే ఉంటే తప్పు సిగ్నల్‌లో వెతకాలి. ఈ నీలం బోర్డుల్లో చాలావరకు ఆర్డుయినో పిన్ ‘లో’ (0 వోల్టులు) అయినప్పుడు పనిచేసేవి. ఆర్డుయినోలో నడిచే జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్ మాత్రం స్పిండిల్ ఆన్‌కు పిన్‌ను ‘హై’ (5 వోల్టులు) చేస్తుంది. అంటే తిరగమనే ఎం3కి ఆగి, ఎం5కి తిరిగే యంత్రం తయారవుతుంది. హెచ్, ఎల్ జంపర్ ఉన్న బోర్డు తీసుకుని హెచ్ మీద పెడితే సరిపోతుంది. రెండో చిక్కు: జీఆర్‌బీఎల్ 1.1లో మామూలుగా డీ11 పిన్ మీద వచ్చేది స్పిండిల్ వేగం చెప్పే పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్, ఆఫ్ అయ్యే సిగ్నల్). గరిష్ఠ వేగం సెట్టింగ్ $30 విలువ 1000 ఉన్నప్పుడు వేగం ఎస్1000 ఇస్తే నిలకడగా 5 వోల్టులు వస్తాయి. ఎస్500 ఇస్తే సెకనుకు వెయ్యిసార్లు ఆన్, ఆఫ్ అవుతుంది, రిలే గిజగిజలాడుతుంది. ఆన్, ఆఫ్ మాత్రమే కావాలంటే కాన్ఫిగ్ ఫైల్లో వేరియబుల్ స్పిండిల్ లైనును తీసేసి మళ్లీ ఎక్కించాలి. అప్పుడు డీ12 స్పిండిల్ పిన్ అవుతుంది, జెడ్ (పైకీ కిందికీ కదిలే దిశ) లిమిట్ స్విచ్, అంటే హద్దు దగ్గర ఆపే స్విచ్, డీ11కి వస్తుంది. ఆ వైరు మార్చడం మర్చిపోతే జెడ్ హోమింగ్ (మొదలు స్థానానికి వెళ్లే కదలిక) ఆగకుండా పోయి తలను గుద్దేస్తుంది.

అసలు మందు వేరే ఉంది. చిన్న రిలే ట్రిమ్మర్‌ను ఆన్, ఆఫ్ చేయకూడదు, కాంటాక్టర్ (మోటార్లకు వాడే పెద్ద రిలే) కాయిల్‌ను మాత్రమే చేయాలి. 9 ఆంపియర్ల ఏసీ3 (మోటారు లోడుకు చెప్పే) రేటింగ్, 230 వోల్టుల కాయిల్ ఉన్న కాంటాక్టర్లు రెండు కావాలి. మొదటిది మెయిన్. ఎంసీబీ తర్వాత ఫేజు ఎమర్జెన్సీ బటన్ ఎన్‌సీ (మామూలుగా కలిసి ఉండే) కాంటాక్టు గుండా, స్టార్ట్ బటన్ గుండా కాయిల్ ఒక కొస ఏ1కి వెళ్లాలి, రెండో కొస ఏ2 న్యూట్రల్‌కు. స్టార్ట్ బటన్‌కు సమాంతరంగా కాంటాక్టర్ సొంత 13, 14 ఎన్ఓ కాంటాక్టు. ఇది మీవాడు క్లాసులో గీసిన డీఓఎల్ (మోటారును నేరుగా లైనుకు కలిపే) స్టార్టర్ సర్క్యూటే. దీనివల్ల ఎక్కువ మేలు జరిగేది కరెంటు పోయి వచ్చినప్పుడు: ఎవరైనా స్టార్ట్ నొక్కేదాకా యంత్రం కదలదు. చెక్క మీద బిట్టు, దాని మీద మీ చెయ్యి ఉన్న సమయంలో కరెంటు తిరిగి వస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. రెండో కాంటాక్టర్ ట్రిమ్మర్‌కు. దాని కాయిల్‌కు మెయిన్ కాంటాక్టర్ అవతలి నుంచి ఫేజు తెచ్చి, నీలం రిలే కామన్, ఎన్ఓ గుండా ఇవ్వాలి. కాయిల్ మీద సర్జ్ సప్రెసర్ తగిలించాలి. అది దొరక్కపోతే 100 ఓంల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 రకం కెపాసిటర్ సిరీస్‌లో కాయిల్‌కు అడ్డంగా పెట్టాలి. లేకపోతే కాయిల్ వదిలిన ప్రతిసారీ వచ్చే పోటుకు ఆర్డుయినో రీసెట్ అవుతుంది, లేదా కంప్యూటర్‌తో యూఎస్‌బీ తెగిపోతుంది. చాలామంది దీన్ని సాఫ్ట్‌వేర్ తప్పనుకుని నెలలు పోగొట్టుకుంటారు.

డ్రైవ్ కాలడానికి ఎక్కువగా ఒకటే కారణం: కరెంటు ఉండగా మోటారు వైరు ఊడటం. చేత్తో పీకినా, స్క్రూ వదులై దానంతట అదే ఊడినా ఒకటే. మోటారు కాయిల్‌లో కరెంటు ఒక్కసారి తెగితే వచ్చే వోల్టేజీ డ్రైవ్ ఔట్‌పుట్‌ను పాడుచేస్తుంది. కాలిన డ్రైవ్ ఏ ప్లస్, ఏ మైనస్ టెర్మినళ్లు చూడండి. వైరు కొసకు సీసం పూసి బిగించాడా? ఆ సీసం స్క్రూ ఒత్తిడికి మెల్లగా నలిగి, అదురుకు వదులవుతుంది. సీసం వద్దు. ఫెర్రూల్ (వైరు కొసకు తొడిగే లోహపు గొట్టం) వేసి క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి బిగించాలి. బిగించాక ప్రతి వైరునూ లాగి చూడాలి.

మిగతావి త్వరగా చెప్తాను. స్టెప్పర్ మోటారు వైర్లలో కాయిల్ జతలు మీటరుతో చూసుకోవాలి, మోగిన రెండూ ఒక జత. జతలు కలగలిస్తే మోటారు తిరగకుండా వణుకుతుంది. దిశ తిరగబడితే ఒక జతలోని రెండు వైర్లు అటూ ఇటూ మార్చితే చాలు. ఆర్డుయినో గ్రౌండు నుంచి పల్స్ మైనస్, డైరెక్షన్ మైనస్ రెండింటికీ, డీ2 నుంచి ఎక్స్ పల్స్ ప్లస్‌కు, డీ5 నుంచి ఎక్స్ డైరెక్షన్ ప్లస్‌కు. ఎనేబుల్ ఖాళీగా వదిలినా డ్రైవ్ పనిచేస్తుంది. టీబీ6600కి 36 వోల్టుల ఎస్ఎంపీఎస్ (డీసీ పవర్ సప్లై) దాటవద్దు. ప్రతి డ్రైవ్‌కూ ఎస్ఎంపీఎస్ నుంచి విడిగా 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు జత వేయాలి, ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కు లాగకూడదు. డ్రైవ్ మీది డిప్ స్విచ్‌లు (సెట్టింగ్ మార్చే చిన్న స్విచ్‌లు) కరెంటు తీసేసే మార్చాలి. 5 మిల్లీమీటర్ల లీడ్ (ఒక చుట్టుకు కదిలే దూరం) ఉన్న బాల్ స్క్రూ అయితే 8 మైక్రోస్టెప్‌లతో మోటారు ఒక చుట్టుకు వేసే 200 అడుగులను 8తో గుణించి 5తో భాగించాలి: మిల్లీమీటరుకు 320 పల్సులు. ఇనుప ఫ్రేమ్, ఎస్ఎంపీఎస్ డబ్బా, ప్యానెల్ తలుపు అన్నింటికీ ఎర్త్ ఒకే బార్ నుంచి. ప్లగ్గు ఎర్త్ పిన్‌కు, ఫ్రేమ్‌కు మధ్య మీటరు 1 ఓం లోపు చూపాలి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) తప్పనిసరి. 230 వోల్టుల పని ఒంటరిగా చేయనివ్వకండి, పక్కన మీరుండండి.

ఇక ఉద్యోగం మాట. సీఎన్‌సీ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆపరేటర్. మీవాడి చేయి ఆ వైపు లేదు. అతనిది మెయింటెనెన్స్, ప్యానెల్ వైరింగ్, ఆటోమేషన్ వైపు. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, విజయవాడ ఆటోనగర్... ఎక్కడ యంత్రాలు తిరుగుతున్నా, అవి ఆగినప్పుడు తప్పు పట్టుకునే మనిషి కావాలి. ఒక్క మాట మాత్రం దాచకూడదు. ఆర్డుయినో, స్టెప్పర్ మోటారు తెలిసినంత మాత్రాన ఆ ఉద్యోగం రాదు. ఫ్యాక్టరీలో ఉండేవి ఎన్‌కోడర్ (ఎంత తిరిగిందో చెప్పే పరికరం) ఉన్న సర్వో మోటార్లు, 415 వోల్టుల త్రీఫేజ్, 24 వోల్టుల కంట్రోల్, పీఎల్‌సీ (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంప్యూటర్), ఫనక్ లేదా సీమెన్స్ కంట్రోలర్. అందుకే ఈ యంత్రాన్ని ఆ ప్రపంచానికి మెట్టుగా వాడుకోవాలి. లిమిట్ స్విచ్‌లు ఎన్‌సీగా 24 వోల్టుల మీద ఆప్టో (కాంతితో సిగ్నల్ దాటించే భాగం) ద్వారా పెట్టాలి: వైరు తెగినా యంత్రం ఆగుతుంది, బ్రష్ మోటారు నాయిస్‌కు తప్పుడు అలారాలూ తగ్గుతాయి. ప్రతి వైరుకూ రెండు కొసలా నంబరు ఫెర్రూల్, ఆ నంబర్లతో డ్రాయింగ్, విడిభాగాల జాబితా, ఒక పుస్తకంలో ప్రతి ఫాల్ట్: ఏం కనిపించింది, ఎక్కడ ఎన్ని వోల్టులు వచ్చాయి, ఏం మార్చాడు. మెయింటెనెన్స్ ఇంటర్వ్యూలో డీఓఎల్ గీయమనడం మామూలే. తన ప్యానెల్‌లోది గీసి, ఈ కాంటాక్టు ఎందుకు అతుక్కుందో చెప్పగలిగిన కుర్రాడిని అడిగేవాడు తేలిగ్గా వదలడు.

డిప్లొమా బ్యాక్‌లాగులు లేకుండా ముగించడం మొదటి షరతు. తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరొచ్చు. చేతి పని మీదే ఇష్టం ఉంటే, కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం నాట్స్ పోర్టల్ ద్వారా యంత్రాల కంపెనీలో ఏడాది అప్రెంటిస్‌షిప్ నా దృష్టిలో మేలు. అక్కడే సర్వో అలారం కోడ్‌లు, ఎన్‌కోడర్ బ్యాటరీ లాంటివి చేతికి వస్తాయి. ఫనక్ యంత్రాల్లో ఆ బ్యాటరీని కంట్రోల్ ఆన్‌లో ఉండగానే మార్చాలి, ఆఫ్ చేసి మారిస్తే యాక్సిస్ రిఫరెన్స్ పోతుంది. బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సీఐటీడీలో (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్), ఈసీఐఎల్ దగ్గరి ఎన్ఎస్ఐసీ (జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ) టెక్నికల్ సెంటర్‌లో పీఎల్‌సీ, సీఎన్‌సీ స్వల్పకాలిక కోర్సుల గురించి సెలవుల్లో ఒకసారి స్వయంగా వెళ్లి కనుక్కోండి.

2.2 కిలోవాట్ల స్పిండిల్ పైన చెప్పిన ప్యానెల్ మూడు నెలలు తప్పు లేకుండా నడిచాక కొనండి. అప్పుడు వీఎఫ్‌డీ (స్పిండిల్‌ను నడిపి, వేగం మార్చే డ్రైవ్) వస్తుంది, నియమాలు మారతాయి. వీఎఫ్‌డీకి, స్పిండిల్‌కు మధ్య రిలే గానీ కాంటాక్టర్ గానీ పెట్టకూడదు. ఆన్, ఆఫ్‌లు వీఎఫ్‌డీ రన్ టెర్మినళ్లకు నీలం రిలే పొడి కాంటాక్టుతో ఇవ్వాలి, ఆ టెర్మినళ్లకు బయటి వోల్టేజీ ఏదీ తగలకూడదు. స్పిండిల్ కేబుల్ షీల్డ్‌ది, షీల్డ్ వీఎఫ్‌డీ వైపు ఎర్త్‌కు. మెయిన్ ఆపాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు ఉంటుంది, పది నిమిషాలు ఆగి, మీటరుతో చూశాకే మూత విప్పాలి. ఆ స్పిండిల్ బరువుకు, డ్రైవ్‌లకు పవర్ పోగానే జెడ్ యాక్సిస్ బాల్ స్క్రూ మీద జారి కిందికి దిగుతుంది. కాబట్టి బ్రేకు ఉన్న జెడ్ మోటారు, లేదా తూకం నిలిపే గ్యాస్ స్ప్రింగ్ ఖర్చు కూడా మీరు పక్కన పెట్టుకునే డబ్బులో ముందే కలుపుకోండి.