‘ఆత్మసంతృప్తి’ అని రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. మూడో పేజీలో ‘అతని ముఖంలో ఆత్మసంతృప్తి కనిపించింది’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. మంచి పని చేశానని అతని మనసు కుదుటపడిందా, తనంతవాడు లేడని మురిసిపోతున్నాడా? వెనకా ముందూ చూసినా తేలలేదు. తప్పంతా నీది కాదు. ఆ మాటలోనే రెండు దారులున్నాయి.

మాటను విప్పి చూడు. తృప్తికి మూలం ‘తృప్’ ధాతువు. తర్పణం పుట్టింది కూడా అందులోంచే. ‘సం’ చేరితే బాగా, పూర్తిగా అని అర్థం. చిక్కంతా ‘ఆత్మ’తో. సంస్కృతంలో ఆత్మ అంటే జీవుడే కాదు, ‘తాను’ అని కూడా. ఆత్మకథలో, ఆత్మస్తుతిలో ఉన్నది ఈ ‘తానే’. సమాసాన్ని ఒకలా విడదీస్తే లోపలి మనిషి నిండడం, ఇంకోలా విడదీస్తే తనను చూసుకుని తనే సంతోషించడం. భగవద్గీత మూడో అధ్యాయం 17వ శ్లోకంలో ‘ఆత్మతృప్తుడు’ అంటే ఇక చేయవలసిన పని లేని జ్ఞాని. ఇవాళ ఒక సమీక్షకుడు ఏ రచయితకైనా ఆత్మతృప్తి ఎక్కువైందని రాస్తే, ఇక నేర్చుకోవలసింది లేదని ఆ రచయిత అనుకుంటున్నాడని ఫిర్యాదు.

అలాగని పుట్టుకనే పట్టుకుని వేలాడకు. సంస్కృత నిఘంటువు అమరకోశం గర్వానికి పర్యాయాలు చెబుతూ అభిమానాన్ని అహంకారం పక్కన కూర్చోబెట్టింది. తెలుగులో అదే అభిమానం ప్రేమగా మారింది. పాత వాసన ‘అభిమానవంతుడు’ వంటి చోట్ల మాత్రం మిగిలింది. పుట్టుక మాటకున్న దారులు చూపిస్తుంది, ఏ దారిన పోయిందో వాడుకే చెప్పాలి.

మన మాటల్లో ‘తనివి’ నాకు చాలా ఇష్టం. తనియు అంటే తృప్తిపడడం, తనుపు అంటే చల్లదనం. దాహం తీరి ఒళ్లు చల్లబడినట్టు ఉంటుంది. ‘తనివి తీరలేదు’ అనే వాడుక గమనించావా? తీరేవి దాహం, కోరిక, అప్పు. అంటే తృప్తి అనే మాటే ఇక్కడ దాహం చోటులోకి జరిగింది. ఏమైనా తనివిలో గర్వం లేదు, కాబట్టి నీ పాత్ర గర్విష్ఠి అయితే అది నప్పదు. అతనికి నిక్కు, నీలుగు కావాలి. నిక్కడం అంటే పైకి సాగడం, నీలగడం అంటే ఒళ్లు బిగదీయడం. మెడా వెన్నూ ఎలా ఉన్నాయో మాటలోనే కనిపిస్తుంది. మురిపెం మెత్తనిది, పసిపిల్లకైనా తగుతుంది. మిడిసిపాటు పక్కవాణ్ణి లెక్కచేయదు.

క్రియను కూడా చూసుకో. ‘తృప్తి పడ్డాడు’ అంటే నింద లేదు. ‘తృప్తి పడిపోయాడు’ అంటే ఇంత కొంచానికేనా అని రచయిత అన్నట్టే. ఆ ‘పోయాడు’లోనే తీర్పు ఉంది. ‘సంతృప్తి వ్యక్తం చేశాడు’ పత్రికావార్తల భాష, కథలోకి రానివ్వకు.

ఒక పరీక్ష చెబుతాను. నీ వాక్యంలో ఆ మాట తీసేసి వరసగా తృప్తి, మురిపెం, మిడిసిపాటు పెట్టి పైకి చదువు. మూడూ సమానంగా అతికితే అతను ఎలాంటివాడో వాక్యం ఇంకా నిర్ణయించుకోలేదన్నమాట. అప్పుడు మాట మార్చినా లాభం లేదు, పని చూపించాలి. ఉదాహరణకు: ‘పత్రికను మూడోసారి తెరిచి, తన పేరున్న చోట కాగితం ముడతను బొటనవేలితో సాపు చేశాడు.’ ఇక్కడిదాకా మురిపెమే. ‘అడగనివాళ్లకు కూడా పేజీ నంబరు చెప్పాడు’ అని చేర్చు, మిడిసిపాటు వైపు ఒరిగింది. ఆ తర్వాత ఆత్మసంతృప్తి అన్న మాట రాయనక్కర్లేదు. రాస్తే చూపించిందే మళ్లీ చెప్పినట్టవుతుంది.

మూడో పేజీ ఒక్కటే తిరగరాసి పంపు. మిగతా కథ జోలికి వెళ్లకు, బాగుంది.

శుభాకాంక్షలతో