దుబాయ్ గాజులు, ఎనిమిది లక్షల అప్పు

ప్రశ్న: మాది జగిత్యాల. మావారు చిన్ననాటి స్నేహితులను కలుస్తానని పది రోజులు దుబాయ్ వెళ్లి, క్రెడిట్ కార్డుల మీద 8 లక్షల అప్పుతో వచ్చారు. ఎడారి సఫారీ, క్రీక్‌లో పడవ మీద విందు, బుర్జ్ ఖలీఫా టికెట్లు, అందరి బిల్లూ ఈయనే కట్టారట. నాకు దుబాయ్‌లోని డేరా బంగారం బజారులో కొన్న గాజులూ కార్డు మీదే. నెలకు 40 వేలు మినిమమ్ కడుతున్నా అప్పు తగ్గట్లేదు. "నేను లేకపోతే మీకీ పీడ ఉండదు" అంటున్నారు. నా పుట్టింటి బంగారం అమ్మేయనా?

జవాబు: అమ్మా, బంగారం సంగతి తర్వాత. ముందు ఆయన అన్న ఆ మాట. ఏదో టెన్షన్‌లో అన్నారులే అని వదిలేయకండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కి ఈ రోజే ఫోన్ చేయండి. తెలుగులో, ఏ వేళైనా ఉచితంగా మాట్లాడతారు. ఆయన వద్దంటే మీరే మాట్లాడండి.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు అత్తరు సీసాలు పంచుతుంటే ఇన్నేళ్లూ పుచ్చుకునే వైపే ఉన్న మనిషి, ఒక్కసారి ఇచ్చే వైపు నిలబడాలనుకున్నారేమో. తప్పు తప్పే. కానీ ఇది జల్సా కన్నా నలుగురిలో చిన్నబోవడం భరించలేక చేసిన ఖర్చులా నాకు కనిపిస్తోంది. అక్కడ వంద దిర్హంలంటే చూడటానికి చిన్న అంకే, కానీ మన డబ్బుల్లో రెండు వేలు దాటుతుంది.

ఇక లెక్క. నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 8 లక్షలకు 28 వేలు, దాని మీద జీఎస్టీ మరో ఐదు వేలు. మీరు కట్టే 40 వేలలో అసలుకు జమయ్యేది ఏడు వేలే! ముందు కార్డులు వాడటం ఆపించండి. బ్యాంకులో బంగారం తాకట్టు పెడితే వడ్డీ ఇందులో మూడో వంతు కూడా ఉండకపోవచ్చు. అందుకే అమ్మడం కన్నా అది మేలు. అదీ ఆయన అన్ని కార్డుల స్టేట్‌మెంట్లూ మీ ముందు పెట్టి, నెలనెలా ఎంత కట్టగలరో తన చేత్తో రాశాకే. కార్డులు ఆయన ఒక్కరి పేరునే ఉంటే, మీరు పూచీ సంతకం పెట్టకపోతే, ఆ బాకీకి చట్టప్రకారం మీరు బాధ్యులు కారు. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు.

ఆ డేరా గాజులు మాత్రం కోపంలో ఆయన ముందు విసిరేయకండి. అమ్మాల్సి వస్తే ఇద్దరూ కలిసే దుకాణానికి వెళ్లండి.