అర్జీ రాసే ముందు రెండు వారాలు నోట్‌బుక్ రాయి

శ్రీనూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఇంటి మీదుగా పోయే విమానాల మోతకు రాత్రి రెండింటికి పాప ఉలిక్కిపడి లేస్తోందని, వంటింటి స్టాండులో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయని, నిద్రలేక అమ్మాయి పొద్దున స్కూల్లో పాఠం చెప్పలేకపోతోందని రాశావు. కేసు వేస్తా, రాత్రి విమానాలు మొత్తం బంద్ చేయిస్తా అని కూడా రాశావు. నీ కోపం న్యాయమైనదే. కానీ ఆ మాటతో మొదలుపెడితే పని కాదు అల్లుడూ, నేను ఒకసారి అట్లాగే మొదలుపెట్టి చెడగొట్టుకున్నాను.

సికింద్రాబాద్ వైపు అద్దెకున్న రోజుల్లో మా గల్లీ వాళ్లం నలభై మందిమి సంతకాలు పెట్టి, "విమానాల మోత భరించలేకపోతున్నాం, వెంటనే ఆపించాలి" అని ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చాం. అక్కడి ఆయన చదివి ఒకటే అడిగాడు: ఏ విమానం, ఎన్ని గంటలకు, ఏ రోజు? మా దగ్గర జవాబు లేదు. అర్జీ ఫైల్లోకి పోయింది, మళ్లీ బయటికి రాలేదు. సైన్సు చెప్పుకుని బతికేవాణ్ని, కొలత లేకుండా ఫిర్యాదుకు పోయానే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నువ్వు ప్లాటు చూసింది సంక్రాంతి సెలవుల్లో కదా, పగలు పదకొండు గంటలకు. అప్పుడు విమానాలు అంతగా వినపడలేదని, వానకాలం వచ్చాకే మొదలైందని అంటున్నావు. నిన్ను ఎవరూ మోసం చేయలేదు, గాలి మారింది. విమానం గాలికి ఎదురుగా దిగుతుంది, ఎదురుగా లేస్తుంది. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు పడమటి గాలి, అందుకని దిగేవి తూర్పు నుంచి, అంటే మీ ఆదిబట్ల మీదుగా వస్తాయి. చలికాలం తూర్పు గాలి తిరిగితే అవతలి వైపు నుంచి దిగుతాయి. దిగే విమానం మామూలుగా 3 డిగ్రీల వాలులో వస్తుంది, అంటే రన్‌వేకి 10 కిలోమీటర్ల దూరంలో దాని ఎత్తు 500 మీటర్ల పైచిలుకు మాత్రమే. మన నల్లగొండ వాళ్లంతా సాగర్ రోడ్డు పట్టుకుని అటే ఇళ్లు కడుతున్నారు కాబట్టి చెప్తున్నా, ఇంకెవరైనా అడిగితే ప్లాటును జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి, అదీ రాత్రి పదకొండు తర్వాత వెళ్లి నిలబడి చూడమను.

ఇక నువ్వు చేయాల్సింది. ఒక నోట్‌బుక్ మంచం పక్కన పెట్టుకో. రెండు వారాలు, నిద్ర లేచిన ప్రతిసారీ టైము రాయి, 2:47 అంటే 2:47 అనే రాయి, "రెండున్నర ప్రాంతంలో" అని రాయకు. ఫ్లైట్‌రాడార్ యాప్ తెరిస్తే ఏ విమానం, ఎంత ఎత్తులో ఉందో వస్తుంది, ఆ నంబరు పక్కన రాసుకో. ఫోన్లో సౌండు కొలిచే యాప్ కూడా పెట్టుకో, అది కోర్టులో నిలబడే కొలత కాదు గానీ మోత లేనప్పుడు ఎంత, ఉన్నప్పుడు ఎంత అన్న తేడా చూపిస్తుంది. పాప లేచిందా, కిటికీలు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా, అదీ రాయి.

మోతను కొలిచేది డెసిబెల్స్‌లో, ఈ లెక్క జాగ్రత్తగా విను, వాళ్లు జవాబిచ్చేది ఇక్కడి నుంచే. 2018లో కేంద్ర పర్యావరణ శాఖ ఎయిర్‌పోర్టు నాయిస్ జోన్లకు, అంటే విమానాల మోత పడే చుట్టుపక్కల ప్రాంతాలకు, వేరే పరిమితులు పెట్టింది. ఏడాదికి 50,000కు మించి విమానాలు వచ్చిపోయే చోట పగలు 70, రాత్రి 65 డెసిబెల్స్. మామూలు నివాస ప్రాంతానికి 2000 నాటి రూల్స్ ప్రకారం పగలు 55, రాత్రి 45. రెండూ సగటు లెక్కలే. రాత్రి పది నుంచి ఆరు దాకా అంటే 28,800 సెకన్లు. మీ ఇంటి మీద ఒక్కోటి 20 సెకన్ల చొప్పున 75 డెసిబెల్స్‌తో 12 విమానాలు పోయాయనుకో, మొత్తం 240 సెకన్లు. రాత్రంతటికీ సగటు తీస్తే 54 దగ్గర తేలుతుంది. పన్నెండు సార్లు పాప లేచింది, కాగితం మీద 54. మీ ఇల్లు నాయిస్ జోన్ లోపల ఉంటే 65 లోపే ఉందంటారు, బయట ఉంటే 45 దాటినట్టే. కాబట్టి మొట్టమొదట తేల్చుకోవాల్సింది జోన్ మ్యాపులో మీ కాలనీ ఎటు పడిందన్నది. ఆ మ్యాపు, మీ చుట్టుపక్కల తీసిన కొలతలు ఉంటే అవి, ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద అడుగు. ఫీజు పది రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎయిర్‌పోర్టు నడిపే కంపెనీ ప్రైవేటుది కాబట్టి ఆర్టీఐ మాకు వర్తించదు అనొచ్చు, అందుకని విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ డీజీసీఏకూ కాలుష్య నియంత్రణ మండలికీ పెట్టు.

అర్జీలో "విమానాలు ఆపండి" అని రాయకు. సిడ్నీలో 1995లో చట్టమే చేసి రాత్రి పదకొండు నుంచి ఆరు దాకా కర్ఫ్యూ పెట్టారు, లండన్ హీత్రూలో రాత్రి విమానాలకు ఏడాదికి 5,800 అని పరిమితి ఉంది, నిజమే. మనకు అట్లాంటి చట్టం లేదు, శంషాబాద్ 24 గంటలూ నడిచే ఎయిర్‌పోర్టు. చేయగలిగినవి అడుగు. గాలి నెమ్మదిగా ఉన్న రాత్రుల్లో దిగే వైపు మార్చి మార్చి వాడమను, కొద్దిపాటి వెనక గాలి ఉన్నా విమానాలు దిగగలవు. హీత్రూలో పగటిపూట రోజూ మధ్యాహ్నం మూడింటికి దిగే రన్‌వే మారుస్తారు, ఒక వైపు వాళ్లకు పొద్దున విశ్రాంతి, ఇంకో వైపు వాళ్లకు సాయంత్రం. కొలిచే మీటరు మీ కాలనీలో ఒక నెల పెట్టమను. ఈ రెండూ చాలు, పది అడిగితే ఒక్కటీ రాదు.

ముందు ఎయిర్‌పోర్టు నిర్వాహకులకు రాసి రసీదు తీసుకో, ఆ తర్వాత విమానయాన శాఖ ఫిర్యాదులు తీసుకునే ఎయిర్ సేవా పోర్టల్లో, డీజీసీఏకు. పర్యావరణ కేసులు చూసే ఎన్జీటీకి (జాతీయ హరిత ట్రిబ్యునల్) పోవాలంటే సమస్య మొదలైన ఆరు నెలల్లో పోవాలి, తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తారు. నీకు జూన్‌లో మొదలైంది, క్యాలెండర్ చూసుకో. మన దక్షిణాది బెంచ్ చెన్నైలో ఉంది, అక్కడిదాకా పోకముందే లాయరుతో మాట్లాడు.

ఒంటరిగా మాత్రం పోకు. కాలనీలో కొందరు ప్లాటు రేటు పడిపోతుందని సంతకం పెట్టరు, వాళ్లతో తగువు పెట్టుకోకు. పాత ఊళ్లో తిరుగు. ఎయిర్‌పోర్టు 2008లో వచ్చింది, ఆ ఊళ్లు తరాల నుంచి ఉన్నాయి. "తెలిసే కొన్నారు కదా" అని నిన్ను అనగలరు గానీ ఆ ముసలమ్మలను ఎవరూ అనలేరు. వాళ్ల పేర్లు పైన రాయించు. పిల్లలు ఎవరైనా కోపంతో విమానం వైపు లేజర్ లైటు కొడుతుంటే వెంటనే ఆపు. అది నేరం, పైగా లోపల మనుషులుంటారు.

ఈలోపు పాప పడుకునే గది సంగతి చూడు. మోత గోడలోంచి కంటే సందుల్లోంచే ఎక్కువ వస్తుంది. వెంటిలేటర్‌కు అద్దం బిగించు, కిటికీ రెక్కలకు రబ్బరు పట్టీ వేయించు, తలుపు కింది సందు మూయించు. గ్లాసుల స్టాండుకు గోడ వైపు పాత గుడ్డ మడిచి దోపితే ఆ గలగల ఈ రాత్రికే తగ్గుతుంది.

రెండు వారాలయ్యాక ఆదివారం వస్తాను, ఎల్బీనగర్‌లో దిగి ఫోన్ చేస్తా. నోట్‌బుక్ తీసి ఉంచు, అర్జీ కలిసి రాద్దాం.

మీ మామయ్య,
నల్లగొండ