నీ చూపు ఎటు పోయిందో రాయి

చిరంజీవి హారికకు ఆశీస్సులు.

కాలిఫోర్నియాలో నాట్స్ పార్కు హాలోవీన్ రాత్రుల్లో జనాన్ని భయపెట్టడానికి పెట్టే నాట్స్ స్కేరీ ఫార్మ్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం మొన్న రాత్రి చదివాను. పొద్దున కాఫీ తాగుతూ మళ్ళీ చదివాను. ఫోన్లో నాలుగు మాటలు చెప్పి వదిలేసే విషయం కాదనిపించి ఇలా ఉత్తరం రాస్తున్నాను.

ముందు నాకు బాగా నచ్చిన చోటు చెబుతాను. ఘోస్ట్ టౌన్ వీధిలో పొగ కమ్ముకుని ఉండగా స్లైడర్ నీ మీదికి దూసుకొచ్చిన సంగతి రాస్తూ, ‘ముందు గీకినట్టు చప్పుడు వినిపించింది, తర్వాత నేల మీద నిప్పురవ్వలు కనిపించాయి, మనిషి ఆఖర్న వచ్చాడు’ అన్నావు. అచ్చంగా అదే వరసలో జరుగుతుంది. మోకాళ్ళకి ప్యాడ్లు కట్టుకుని, లోహపు ముక్కలున్న చేతి తొడుగులు వేసుకుని, పరుగెత్తుకొచ్చి నేల మీద జారే ఆ పద్ధతి పుట్టింది ఆ వీధిలోనే. అక్కణ్ణించే మిగతా పార్కులకి పాకింది. ఆ పార్కులో హాలోవీన్ రాత్రులు 1973లో మొదలయ్యాయి. లోపల నడుచుకుంటూ పోతుంటే భయపెట్టే చీకటి గదుల వరసలు, అదే మేజ్‌లు, ఎన్నో వచ్చాయి, పోయాయి, ఆ పొగ వీధి మాత్రం నాకు ఇప్పటికీ పాతబడలేదు. దాన్ని నువ్వు మూడు ముక్కల్లో పట్టుకున్నావు. నీకు రాయడం వస్తుందని నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

మేజ్‌ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ రాసిన మనిషి కనిపించలేదు. ‘మొదటిది చాలా భయంకరంగా ఉంది, 10కి 9. రెండో దాంట్లో అసలు భయమే వేయలేదు, 10కి 4.’ ఇంతేనా తల్లీ? భయం వేసింది, వేయలేదు అన్నది నీ సాక్ష్యం. సాక్ష్యం కావాల్సిందే, కానీ దాన్నే తీర్పుగా చెప్పేస్తే ఎలా? ఆ రాత్రి అది నువ్వు చూసిన ఎన్నో మేజ్, కాళ్ళు ఎంత పీకుతున్నాయి, నీ ముందు నడిచినవాళ్ళు కేకలు పెట్టే రకమా నవ్వే రకమా, ఇవన్నీ నీ భయంలో కలిసిపోయి ఉంటాయి. అందులో కట్టినవాళ్ళ పనితనం ఎంతో తేల్చుకోవడానికి ఇన్నేళ్ళుగా నాకు పనికొస్తున్న ప్రశ్న ఒకటే. ఉలిక్కిపడే ముందు నా చూపు ఎటు ఉంది, దాన్ని అటు తిప్పింది ఎవరు?

ఒక గది చెబుతాను. సన్నటి నడవా. ఎడమ పక్క ఊగే కుర్చీలో ఒక ముసలావిడ అటు తిరిగి కూర్చుని ఉంది. ఆవిడ మీద ఒక్కటే పసుపు దీపం. కుర్చీ కిర్రు కిర్రుమంటూ మెల్లగా ఊగుతోంది. అది బొమ్మో మనిషో తెలియదు. ఆవిడ ఏ క్షణాన్నయినా లేచి మీద పడుతుందని ఖాయం చేసుకుంటావు. కళ్ళు ఆవిడ మీదే పెట్టి, కుడి గోడకి అంటుకుపోయినట్టు పక్కపక్కగా నడుస్తావు. కుడి గోడకి ఒక పాత పటం వేలాడుతూ ఉంటుంది. నువ్వు దాన్ని చూసే ఉంటావు, పట్టించుకుని ఉండవు. నీ భుజం సరిగ్గా దాని దగ్గరికి వచ్చిన క్షణాన ఆ పటం దభీమని కిందికి జారుతుంది. ఆ కంతలోంచి ఒక ముఖం నీ చెవి పక్కకి వస్తుంది. దీన్ని డ్రాప్ ప్యానెల్ అంటారు. గోడ వెనక నిలబడ్డ యాక్టర్ పలకని కిందికి వదులుతాడు, ఆ చప్పుడే సగం పని చేసిపెడుతుంది. కొన్నిచోట్ల మీట నొక్కగానే లైటు, సౌండు కూడా కలిసి వస్తాయి. ముసలావిడ బొమ్మే. చివరిదాకా కుర్చీలోంచి లేవదు.

ఆ గది గురించి ‘పటంలోంచి ఒకడు వచ్చాడు, అదిరిపోయాను’ అని రాస్తే జరిగింది రాసినట్టే కానీ, ఎలా జరిగిందో రాసినట్టు కాదు. అక్కడ అసలు పని చేసింది కుర్చీ. దాన్ని ఎడమ పక్కన పెట్టి, నిన్ను నీ కాళ్ళతోనే కుడి గోడ దగ్గరికి నడిపించినవాడి తెలివి గురించి రాయాలి. ఇదే పటాన్ని కుర్చీ లేకుండా పెట్టిన మేజ్‌లు కూడా చూశాను. అందరూ పటం వైపే చూస్తూ, ఇదిగో పడుతుంది అనుకుంటూ నడుస్తారు. పడుతుంది. ఎవరో ఒకరు నవ్వుతారు.

చిన్నప్పుడు సురభి వాళ్ళ నాటకంలో నారదుడు మబ్బుల్లోంచి దిగుతుంటే తీగ ఎక్కడుందా అని వెతికేదాన్ని. ఎప్పుడు వెతికినా ఆ పక్క దీపం ఉండేది కాదు. ఇక్కడ డిస్నీల్యాండ్‌లో 1969లో తెరిచిన హాంటెడ్ మాన్షన్‌లో జంటలు జంటలుగా నాట్యం చేసే దెయ్యాలు కూడా పెద్ద అద్దం మీద పడే ప్రతిబింబాలే. 1862లో లండన్‌లో పెప్పర్ అనే ఆయన జనానికి చూపించి పేరు తెచ్చుకున్న ఉపాయం అది. మన ముందు అద్దం ఉందన్న అనుమానం రాకుండా చూసుకోవడంలోనే ఉంది ఆ పనితనమంతా.

చూపు సంగతి ఒప్పుకున్నావంటే లైన్లో నీ చోటు ఎక్కడో కూడా రాయక తప్పదు. పెద్ద పార్కుల్లో విపరీతమైన జనం. కొద్దిమందిని ఆపి ఆపి పంపితే బయట లైను కదలదు కాబట్టి తెగని తాడులా లోపలికి వదులుతూనే ఉంటారు. మేజ్‌లు తిరిగేవాళ్ళు దీన్ని కొంగా లైన్ అంటారు. అందులో నీ ముందువాడికి పటం పడుతుంది, నీకు పడిపోయిన పటం కనిపిస్తుంది. యాక్టర్ దాన్ని మళ్ళీ పైకి లాగి దాక్కునేలోపు నువ్వు దాటిపోతావు. నీ రెండో మేజ్‌లో జరిగింది ఇదేనేమో అని నా అనుమానం. ‘అన్నీ కొంచెం ముందో వెనకో జరిగినట్టు అనిపించింది’ అని నువ్వే ఒకచోట రాశావు. దాని వెంట పడి ఉంటే బాగుండేది, ఆ వాక్యాన్ని వదిలేసి మార్కులకి వెళ్ళిపోయావు.

ఇది నాకు తప్పు చేశాకే తెలిసింది. మేజ్‌ల మీద సమీక్షలు రాయడం మొదలుపెట్టిన రెండో ఏడు, ఒక పొలంలో కట్టిన చిన్న మేజ్‌కి శనివారం రాత్రి పదకొండున్నరకి వెళ్ళి, ‘లోపల ప్రాణం లేదు’ అని రాశాను. మీ బాబాయి స్నేహితులు అదే మేజ్‌కి గురువారం ఏడున్నరకి వెళ్ళొచ్చి, ఆ సీజన్‌లో తాము చూసినవాటిలో అదే మంచిదన్నారు. నమ్మలేక మరుసటి వారం మళ్ళీ వెళ్ళాను. వాళ్ళ మాటే నిజం. నేను మొదటిసారి వెళ్ళేసరికి లోపల పనిచేసే పిల్లలు నాలుగు గంటలుగా అరిచి అరిచి గొంతులు పోగొట్టుకుని ఉన్నారు. నేను రాసింది చదివి ఎంతమంది అటు వెళ్ళడం మానుకున్నారో అన్న బాధ చాలాకాలం నన్ను వదల్లేదు. అప్పట్నుంచి ఏ రోజు వెళ్ళాను, ఎన్నింటికి వెళ్ళాను, నా ముందు ఎంతమంది ఉన్నారు, ఇవి మొదటి పేరాలోనే రాస్తున్నాను. రెండుసార్లు చూడకుండా ఏ మేజ్ గురించీ చెడ్డమాట రాయను. నువ్వూ రాయకు.

ఇక మాటల సంగతి. నీ వ్యాసంలో ‘భయం’ 17 సార్లు వచ్చింది, లెక్కపెట్టాను. అన్నీ ఒకటే భయమా? పటం పడినప్పుడు కలిగేది ఉలికిపాటు, అర నిమిషంలో పోతుంది. మలుపు అవతల ఏముందో తెలియక కాలు ముందుకు పడకపోతే అది బెరుకు. ఎవరూ ఏమీ చేయని ఖాళీ గదిలో కడుపులో మొదలయ్యేది గుబులు. గాలి నింపిన నల్లటి సంచులు రెండు వైపుల నుంచీ ఒంటికి అదుముకుంటుంటే చేతులతో తోసుకుంటూ బయటపడతామే, అప్పుడు ఉండేది ఊపిరాడని కంగారు. తిరిగే పెద్ద గొట్టం మధ్యలో వంతెన మీద నడుస్తున్నప్పుడు, వంతెన కదలకపోయినా పక్కకి ఒరిగిపోతున్నట్టు ఉంటుంది చూడు, అది ఒట్టి కళ్ళు తిరగడం, భయం లెక్కలో వేయకు. ఇంటికొచ్చి పడుకున్నాక ఏదో గుర్తొచ్చి లేచి లైటు వేసుకున్నావంటే అది జడుపు. నన్ను జడిపించిన మేజ్ ఏడాదికి ఒకటి దొరికితే ఆ ఏడు నాకు పండగే.

నెత్తురు, పేగులు, కబేళా గదుల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండు. నాట్యశాస్త్రంలో భరతుడు భయానకాన్నీ బీభత్సాన్నీ వేరువేరు రసాలుగా చెప్పాడు. ఒకదానికి మూలం భయం, రెండోదానికి జుగుప్స. నువ్వు మాత్రం మొదటి మేజ్‌లో మాంసం కొట్టు గదిని ‘అన్నింటికంటే భయంకరం’ అన్నావు. కానీ అక్కడ నువ్వు చేసింది ముక్కు మూసుకుని మొహం పక్కకి తిప్పుకోవడం. అంటే నీకు కలిగింది రోత. అయితే ఇక్కడే అసలు సంగతి ఉంది. మొహం తిప్పుకున్నప్పుడు నీ చూపు ఎటు పోయింది? అటు పక్క ప్లాస్టిక్ తెరల వెనక ఎవరైనా నీకోసం నిలబడి ఉన్నారా? ఉంటే, నీ రోతని వాడుకుని నీ చూపుని తిప్పారన్నమాట, అది గొప్ప పని, పేరాలు పేరాలుగా రాయి. ఎవరూ లేకపోతే ఆ గది పూసిన నెత్తుటి రంగు దగ్గరే ఆగిపోయిందని రాయి.

మార్కుల గురించి ఒక్క మాట. డెన్మార్క్‌లో వైలె అనే ఊళ్ళో డిస్టోపియా అని ఒక హాంటెడ్ హౌస్ ఉంది. ఆర్హుస్ యూనివర్సిటీ పరిశోధకులు అక్కడికి వచ్చిన 110 మందికి గుండె వేగం కొలిచే పరికరాలు కట్టి లోపలికి పంపి, 2020లో ఫలితాలు ప్రచురించారు. భయం పెరిగినకొద్దీ సరదా పెరుగుతూ పోలేదు. మధ్యలో ఒకచోట బాగా ఎక్కువై, అది దాటాక తగ్గిపోయింది. కాబట్టి ‘భయం 10కి 9’ అంటే అది మెచ్చుకోలో కాదో చదివేవాళ్ళకి తెలియదు. మొదటి గది నుంచి చివరి గది దాకా టపటపా కొట్టుకునే స్ట్రోబ్ లైట్లు, హోరెత్తే మోత తప్ప మరొకటి లేని మేజ్‌లు ఉంటాయి. మూడో గదికల్లా ఒళ్ళు మొద్దుబారిపోతుంది. మధ్యలో ఒక నిశ్శబ్దపు గది పెట్టే ధైర్యం ఎవరికైనా ఉందా అని చూస్తాను నేను.

యాక్టర్ల గురించి నువ్వు ఏమీ రాయలేదు. అది నాకు కష్టంగా అనిపించింది. ఒకే కంతలోంచి ఒకే ముఖం రాత్రికి వందలసార్లు బయటపెట్టేవాళ్ళు వాళ్ళు. మనల్ని ముట్టుకోకూడదన్న నియమం ఉంటుంది, కాబట్టి గొంతు, ఒంటి తీరు, సమయం, ఈ మూడే వాళ్ళ చేతిలో ఉన్నవి. కిందటేడు ఒక మేజ్ చివరి మలుపులో చూశాను. చిరిగిన పెళ్ళి గౌనులో ఒకమ్మాయి గోడలో భాగంలా నిలబడి ఉంది. నా ముందు ఒక తండ్రీ, ఎనిమిదేళ్ళ పిల్లాడూ. పిల్లాడు అప్పటికే వెక్కుతున్నాడు. ఆ అమ్మాయి సగం లేపిన చేతిని అలాగే మెల్లగా దించేసింది, ఒక అడుగు వెనక్కి వేసి గోడలో కలిసిపోయింది. పిల్లాడు దాటాడు. వెనకే వస్తున్న తండ్రి చెవిలో మాత్రం ఊపిరంత మెల్లగా ఏదో అంది. ఆయన ఎగిరిపడ్డాడు. తండ్రి ఎగరడం చూసి పిల్లాడు ఏడుపు మాని నవ్వాడు. ఇదంతా మూడు సెకన్లలో జరిగింది. ఆ మూడు సెకన్లు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

రెండు వాక్యాలు మాత్రం కొట్టెయ్యమని అడుగుతున్నాను. ‘పిచ్చాళ్ళు మీదికొస్తుంటే’ అన్నది ఒకటి. 2016లో అదే నాట్స్‌లో మానసిక ఆసుపత్రి కథతో పెట్టిన వీఆర్ (వర్చువల్ రియాలిటీ) షో మీద మానసిక ఆరోగ్య సంఘాలు అభ్యంతరం చెబితే కొద్దిరోజుల్లోనే మూసేశారు. జబ్బుతో ఉన్నవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు కూడా మనం రాసింది చదువుతారు.

రెండోది, ‘ఎగ్జిట్ బోర్డు వెలుగుతూ మూడ్ పాడుచేసింది’ అన్నది. 1984 మే 11న న్యూజెర్సీలో, సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ పార్కులో హాంటెడ్ కాజిల్ తగలబడింది. ట్రైలర్లని ఒకదానికొకటి కలిపి కట్టిన చీకటి దారి అది. మంటలు రేగితే పైనుంచి నీళ్ళు చల్లే స్ప్రింక్లర్లు లేవు. ఎనిమిదిమంది టీనేజ్ పిల్లలు బయటపడలేక చనిపోయారు. దాని తర్వాతే ఇలాంటి కట్టడాలకి నిబంధనలు గట్టిపడ్డాయి. స్ప్రింక్లర్లు ఉండాలి, ప్రమాదమైతే లైట్లన్నీ వెలిగి సౌండ్ ఆగిపోవాలి, బయటికి దారి కనబడాలి. అంత చీకట్లో నీ చూపు ఆ బోర్డు మీద పడిందంటే అది తన పని తాను చేస్తోంది. నేను ఏ మేజ్‌లోకి వెళ్ళినా దాన్నే ముందు వెతుక్కుంటాను. దాని మీద ఫిర్యాదు ఇంకెప్పుడూ రాయకు.

డబ్బు కూడబెట్టుకుని ఒకసారి ఓర్లాండో వెళ్ళు. అక్కడి యూనివర్సల్ వాళ్ళ హాలోవీన్ హారర్ నైట్స్ 1991లో ఫ్రైట్ నైట్స్ పేరుతో మొదలైంది. సీజన్‌లో పగటిపూట లైట్లు వేసి మేజ్‌ల లోపల తిప్పే టూర్ ఉంటుంది, అన్‌మాస్కింగ్ ది హారర్ అంటారు. యాక్టర్ నిలబడే అరలు, నల్లగుడ్డ వెనక దారులు కనిపిస్తాయి. రాత్రి ఒకసారి నడిచి, పగలు అదే దారిలో నడిస్తే నీ చూపుని ఎక్కడెక్కడ మోసం చేశారో నీకే తెలుస్తుంది.

అంతకంటే ముందు, వచ్చే అక్టోబర్‌లో ఒక గురువారం చూసుకుని మా ఇంటికి రా. చీకటి పడగానే మొదటి మేజ్‌కి వెళ్దాం. నేను ముందు నడుస్తాను, నువ్వు ఇద్దరు ముగ్గుర్ని మధ్యలో వదిలి వెనక రా. తర్వాత అదే మేజ్‌లోకి మళ్ళీ వెళ్దాం, అప్పుడు నువ్వు ముందు. బయటికొచ్చాక ఏమీ మాట్లాడుకోవద్దు. బాబాయి కారు నడుపుతాడు, మనిద్దరం వెనక సీట్లో కూర్చుని ఎవరి నోట్‌బుక్‌లో వాళ్ళం రాసుకుందాం. ఇంటికొచ్చి అన్నాలు తిన్నాక మార్చుకుని చదువుదాం. నువ్వు చూసినది నేను చూడని గది ఒక్కటైనా ఉంటుంది, అది చదవాలని నాకు ఇప్పట్నుంచే ఆత్రంగా ఉంది.

నడవడానికి మంచి బూట్లు తెచ్చుకో. రాత్రి చలేస్తుంది, స్వెటర్ మర్చిపోకు.

ప్రేమతో,
నీ పిన్ని