బహ్రెయిన్‌లో క్రైస్తవులు ప్రార్థన చేసుకోవచ్చా? మిషన్ పని సాగుతుందా?

ప్రార్థన చేసుకోవచ్చు, చాటుగా కాదు. మనామాలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి, 1939లో కట్టిన సేక్రెడ్ హార్ట్ కేథలిక్ చర్చి ఉన్నాయి. అవాలీలో 2021లో పెద్ద కెథడ్రల్ కూడా వచ్చింది. వారపు సెలవు శుక్రవారం కాబట్టి చాలా సంఘాలు ఆ రోజే ఆరాధన పెట్టుకుంటాయి. ఒకే ఆవరణలో గంటల వంతున ఒక భాషవాళ్లు బయటికి వస్తుంటే ఇంకో భాషవాళ్లు లోపలికి వెళ్తుంటారు. పనికోసం వెళ్లిన మన తెలుగువాళ్లూ అందులో ఉంటారు.

మిషన్ సంగతి వేరు. ముస్లింల మధ్య మతప్రచారం చేస్తే చట్టం కన్నా ముందు సమాజమే ఒప్పుకోదు. 1892లో ఇక్కడికి వచ్చిన అమెరికన్ మిషనరీ శామ్యూల్ జ్వెమర్ బైబిళ్లు అమ్మాడు, బోధించాడు. మతం మారినవాళ్లు మాత్రం బహు కొద్దిమంది. ఆయన మిషన్ 1903లో తెరిచిన ఆసుపత్రే ఈ నేలలో వేరు పట్టింది. అమెరికన్ మిషన్ హాస్పిటల్ పేరుతో ఇప్పటికీ నడుస్తోంది, స్థానిక ముస్లిం కుటుంబాలు తరతరాలుగా అక్కడికే వెళ్తున్నాయి. నా దృష్టిలో ఆ మిషన్ చేసిన అతి గొప్ప పని అదే.

కొత్తగా వెళ్లేవాళ్లు అద్దె గదుల్లో కూడికలు పెట్టకుండా, అనుమతి ఉన్న చర్చి ఆవరణలోనే కలుసుకోవడం మంచిది.