వాణిజ్య భవనానికి ఎంత అప్పు వస్తుంది? శాతం కన్నా ముందు అద్దె లెక్క చూడండి

అద్దెదారులు ఉన్న వాణిజ్య భవనం ఒకటి కొనాలనుకుంటున్నారనీ, దాని విలువలో ఎంత శాతం అప్పుగా ఇస్తారో, ఎన్నేళ్ల గడువు ఉంటుందో, షరతులు ఇంటి రుణంలాగే ఉంటాయో లేదో తెలుసుకోవాలనీ మీరు అడిగారు. కొన్నేళ్ల క్రితం నేనూ నా భాగస్వామీ కలిసి అలాంటి భవనాన్నే అప్పు తీసుకుని కొన్నాం, తరువాత ఆ అప్పును వేరే సంస్థకు మార్చుకున్నాం. ఆ రెండు సందర్భాల్లోనూ అప్పు మొత్తాన్ని చివరికి తేల్చింది భవనం విలువ కాదు, అది ఏటా మిగిల్చే నికర అద్దె. అందుకే శాతం గురించి క్లుప్తంగా చెప్పి, అద్దె గురించి వివరంగా రాస్తున్నాను.

సాధారణంగా వాణిజ్య ఆస్తి విలువలో 60 నుంచి 75 శాతం వరకు అప్పు ఇస్తారు. ఇంటి రుణాల కన్నా ఈ పరిమితి తక్కువగా ఉండటానికి కారణం, వాణిజ్య భవనం ఖాళీ పడితే కొత్త అద్దెదారు దొరకడానికీ, అవసరమైతే దానిని అమ్మడానికీ ఎక్కువ కాలం పట్టడమే. శీతల గిడ్డంగి, సినిమా హాలు వంటి ఒకే పనికి పనికొచ్చే కట్టడాలకు ఇంకా తక్కువ ఇస్తారు. ఇక్కడ విలువ అంటే మీరు ఒప్పుకున్న ధర అనుకోవద్దు. ఆ ధర, అప్పు ఇచ్చే సంస్థ నియమించిన మదింపుదారు కట్టిన విలువ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాని మీదే శాతం లెక్కిస్తారు. మా భవనానికి మదింపు విలువ ఒప్పందపు ధర కన్నా తక్కువగా రావడంతో ఆ తేడా అంతా మేమే భరించాం. రిజిస్ట్రేషన్, న్యాయ పరిశీలన, మదింపు, ప్రాసెసింగ్ ఖర్చులు కూడా చాలావరకు అప్పులోకి రావు కనుక, సొంత సొమ్ము ఎంత కావాలో వాటిని కలుపుకొనే చూసుకోవాలి.

ఇక అసలు లెక్కకు వస్తాను. భవనం నికర ఆదాయం, ఏడాది పొడవునా కట్టవలసిన వాయిదాల మొత్తానికి కనీసం ఇన్ని రెట్లు ఉండాలని అప్పు ఇచ్చేవారు ఒక నిష్పత్తిని పెట్టుకుంటారు. దీన్నే డీఎస్‌సీఆర్ అంటారు. అది ఎక్కువగా 1.2 నుంచి 1.35 మధ్య ఉంటుంది. ఉదాహరణకు భవనం విలువ 100 అనుకోండి, ఖర్చులు పోను ఏటా మిగిలే అద్దె 8, నిష్పత్తి 1.25. అప్పుడు ఏడాది వాయిదాలు 6.4 దాటకూడదు. వడ్డీ 9 శాతం, గడువు 15 ఏళ్లు అయితే ఆ 6.4తో తీర్చగలిగే అప్పు సుమారు 53 మాత్రమే. గడువు 20 ఏళ్లు చేస్తే అది 59 దాకా వస్తుంది. అదే గడువుకు వడ్డీ 10 శాతం అయితే మళ్లీ 55కు దిగుతుంది. అంటే విలువలో 70 శాతం ఇస్తామని సంస్థ చెప్పినా, ఈ భవనం మీద ఆ 70 చేతికి రాదు.

ఆ నికర అద్దెను కూడా వారు తమ పద్ధతిలోనే లెక్కిస్తారు. భవనం పూర్తిగా నిండి ఉన్నా ఖాళీ కాలం కోసం కొంత తగ్గిస్తారు, ఆస్తి పన్ను, బీమా, మరమ్మతులు తీసేస్తారు, మీరే స్వయంగా చూసుకుంటున్నా నిర్వహణ ఖర్చు వేస్తారు. అన్నిటికన్నా ముఖ్యం లీజుల్లో మిగిలి ఉన్న కాలం. మా భవనంలో పెద్ద అద్దెదారు లీజు త్వరలోనే ముగియనుండటంతో అతని అద్దెను మొదట పూర్తిగా పరిగణించలేదు. అమ్మకందారు చొరవతో ఆ లీజును పొడిగించి రాయించుకున్నాక, భవనంలో వేరే మార్పేమీ లేకుండానే మంజూరు మొత్తం పెరిగింది. అందువల్ల దరఖాస్తు పెట్టకముందే ప్రతి లీజు పత్రాన్నీ తెప్పించుకుని, ముగింపు తేదీ, మధ్యలో ఖాళీ చేసే హక్కు, అద్దె పెంపు షరతు తప్పకుండా చదవండి. భవనాన్ని మీ సొంత వ్యాపారానికే వాడుకునేటట్లయితే అద్దెకు బదులు ఆ వ్యాపారపు గత కొన్నేళ్ల లాభాలను చూస్తారు.

గడువు విషయంలో రెండు కాలాలను వేరువేరుగా అడగండి. వాయిదాను 20 ఏళ్ల లెక్కన కట్టి, ఒప్పందాన్ని మాత్రం 10 ఏళ్లకే ముగించే అప్పులు ఉంటాయి. 9 శాతం వడ్డీతో అలాంటి అప్పు తీసుకుంటే, పదేళ్లు క్రమం తప్పకుండా కట్టిన తరువాత కూడా అసలులో దాదాపు 71 శాతం మిగిలే ఉంటుంది, ఎందుకంటే మొదటి సంవత్సరాల వాయిదాల్లో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. ఆ మిగులును ఒకేసారి కట్టాలి, లేదా అప్పటి వడ్డీ రేటుతో కొత్త అప్పు తెచ్చుకోవాలి. సరిగ్గా ఆ సమయానికే భవనం సగం ఖాళీగా ఉంటే కొత్త అప్పు దొరకడమూ కష్టమే. వాయిదా తక్కువగా కనిపించే ప్రతిపాదనలను నేను ఈ కారణంగానే మరింత శ్రద్ధగా చదువుతాను.

వడ్డీ స్థిరమా, మారేదా, మారేదైతే దేని ఆధారంగా ఎన్ని నెలలకొకసారి మారుతుందో రాతపూర్వకంగా తీసుకోండి. ముందుగా తీర్చేస్తే కట్టవలసిన రుసుము ఉందా, ఉంటే ఎంత అనేది కూడా అడగండి. మేము సంస్థ మారినప్పుడు, వడ్డీలో మిగిలేది ఆ రుసుము కన్నా ఎక్కువని లెక్కవేసుకున్న తరువాతే ముందుకు వెళ్లాం. కంపెనీ పేరుతో కొన్నా వ్యక్తిగత పూచీకత్తు అడగడం మామూలే, కనుక మీ ఇతర ఆస్తులు ఎంతవరకు బాధ్యతలోకి వస్తాయో న్యాయవాదికి చూపించి తెలుసుకోండి. అప్పు నడుస్తున్నంత కాలం డీఎస్‌సీఆర్ పడిపోకూడదన్న షరతు ఉంటే, వాయిదాలు సక్రమంగా కడుతున్నా దాన్ని ఉల్లంఘనగా చూపే వీలుంటుంది. ఎన్నాళ్లలో సరిదిద్దుకోవచ్చో సంతకానికి ముందే చేర్పించండి.

అమ్మకందారుకు బయానా ఇచ్చే ముందు ఒప్పందంలో ఒక వాక్యం తప్పనిసరిగా ఉండేలా చూసుకోండి: ఫలానా మొత్తానికి తగ్గకుండా, ఫలానా తేదీలోగా రుణం మంజూరు కాకపోతే బయానా పూర్తిగా వెనక్కి ఇవ్వాలి. ఆ మొత్తంగా విలువలో శాతాన్ని కాకుండా, పైన చెప్పిన అద్దె లెక్కతో వచ్చిన అంకెను రాయించండి.