టెక్ సందేహాలు: బండి చేతులు మారింది, యాప్ మారలేదు

ప్రశ్న: వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. మూడేళ్లు వాడిన ఎలక్ట్రిక్ కారు ఒకటి బేరం కుదిరింది, వచ్చే వారం తెచ్చుకుంటాం. ఇంతలో న్యూజెర్సీలో ఉన్న మా బావమరిది అక్కడ ఒక పాత ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. బ్యాటరీ అయిపోవస్తే కరెంటు తయారుచేసే చిన్న పెట్రోలు ఇంజిన్ కూడా దానిలో ఉందట. ‘తొందరపడకు బావా, అలాంటిదే చూసుకో’ అంటున్నాడు. ఆగమంటారా? ఆగనక్కర లేదంటే కారు ఇంటికి వచ్చేలోగా మేం ఏమేం సిద్ధం చేసుకోవాలి?

జవాబు: ఆగకండి. విదేశాల్లో వాడిన కారును ఇక్కడికి తెచ్చుకోవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. మీ బావమరిది కారు రెండు పరీక్షల్లోనూ తప్పుతుంది. అయినా ఆయన కొన్న రకం బండి గురించి నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను. ఒక మంచి యంత్రాన్ని సాఫ్ట్‌వేర్ ఎలా అవిటిదాన్ని చేయగలదో దానికన్నా బాగా చూపించే కారు నాకు కనిపించలేదు.

మీరు చెప్పిన దాన్ని బట్టి అది 2014లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన బీఎండబ్ల్యూ ఐ3 రకం. వెనక డిక్కీ కింద 647 సీసీ ఇంజిన్ ఉంటుంది. అది మొదట స్కూటర్ కోసం చేసిన ఇంజిన్. చక్రాలను తిప్పదు, కరెంటు తయారుచేసి ఇస్తుంది, అంతే. ఐరోపాలో అమ్మిన కార్లలో బ్యాటరీ 75 శాతం కిందికి రాగానే డ్రైవరు తనకు కావలసినప్పుడు ఆ ఇంజిన్‌ను వేసుకోవచ్చు, ముందున్న ఘాట్ కోసం ఛార్జింగ్ దాచుకోవచ్చు. అమెరికాలో ఆ వీలు లేదు. కాలిఫోర్నియా రాయితీల నిబంధన ప్రకారం బ్యాటరీ దాదాపు ఖాళీ అయ్యేదాకా ఇంజిన్ మేలుకోకూడదు. కాబట్టి అదే కారులో, అదే ఇంజిన్ పక్కన, ఆ మీటను తెరమీద నుంచి తీసేశారు. ఆరేడు శాతం మిగిలినప్పుడు ఇంజిన్ లేస్తుంది. అది ఇచ్చేది సుమారు 25 కిలోవాట్లు. నిండు బండితో ఎత్తు ఎక్కేటప్పుడు అది చాలదు, వేగం పడిపోతుంది. తిరుమల ఘాట్ రోడ్డు సగంలో, వెనక బస్సు హారన్ కొడుతుండగా, మీ కారు నెమ్మదించిందనుకోండి. అక్కడి వాళ్లు ఆ అనుభవాన్ని హైవేల మీద పొందారు.

దాంతో చాలామంది యజమానులు కారు డయాగ్నస్టిక్ పోర్టుకు, అంటే మెకానిక్ లోపాలు చదివే సాకెట్‌కు, డాంగిల్ అనే చిన్న బ్లూటూత్ పరికరం తగిలించి, ఫోనులోని యాప్‌తో దాచిన మీటను బయటికి తెచ్చుకున్నారు. మీ బావమరిది తెలుసుకోవలసింది ఇదే: పాత యజమాని అలా మార్చాడా లేదా? మార్చి ఉంటే, సర్వీసుకు ఇచ్చినప్పుడు అక్కడ కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే ఆ మార్పు తుడిచిపెట్టుకుపోతుంది. ఇంకొకటి, నెలల తరబడి వాడని ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది. అప్పుడప్పుడూ ఇంజిన్ తనంతట తాను కాసేపు తిరిగితే కంగారుపడవద్దని కూడా చెప్పండి, అది ఆరోగ్యం కోసం చేసే వ్యాయామం. అక్కడ ఒక పెద్ద టెలిఫోన్ సంస్థ 2022 ఫిబ్రవరిలో 3జీ ఆపేశాక, దాని మీదే ఆధారపడిన ఆ కాలపు చాలా కార్ల యాప్‌లు మూగబోయాయి. ఆయన కారుదీ మూగబోయి ఉంటే, నన్నడిగితే అదృష్టమే.

ఎందుకు అదృష్టమో చెబుతాను. ఈ శీర్షికకు ఏడాదిగా ఒకే ఫిర్యాదు వేరువేరు ఊళ్ల నుంచి వస్తోంది.

మారతహళ్లిలో నా మిత్రుడు ఒకాయన వాడిన ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. కొన్న నెలకు, రాత్రి పదిన్నర వేళ వాచ్‌మన్ ఫోను చేశాడు: ‘సార్, మీ కారులో ఎవరో ఉన్నారు.’ సెల్లార్‌లోకి వెళ్లి చూస్తే అద్దాలన్నీ మూసి ఉన్నాయి, లోపల ఎవరూ లేరు, ఏసీ మాత్రం హోరున తిరుగుతోంది. వారం తర్వాత మళ్లీ అదే. రెండుసార్లు సర్వీస్ సెంటర్‌కు తీసుకువెళ్లాడు. ‘లోపం కనిపించలేదు సార్’ అని కాగితం ఇచ్చారు. చివరికి నేను పట్టుబట్టి అమ్మినాయనకు ఫోను చేయించాను. ఆయన హైదరాబాద్ వెళ్లిపోయి అదే కంపెనీ కొత్త కారు కొన్నాడు. యాప్ తెరిస్తే రెండు కార్లూ కనిపిస్తాయి, పాతదే ముందు. వాళ్లబ్బాయి తమ కారు చల్లబరుద్దామని నొక్కితే బెంగళూరులో మావాడి ఏసీ తిరుగుతోంది. ఆయన ఎంతో మర్యాదగా క్షమాపణ చెప్పి, ‘శనివారాలు మల్లేశ్వరం వెళ్తుంటారు కదా, అక్కడ పార్కింగ్ కష్టమే’ అన్నాడు. మా మిత్రుడి భార్య ఆ మాట స్పీకరులో విని కుర్చీలో అలాగే ఉండిపోయింది. మల్లేశ్వరంలో ఉన్నది వాళ్లమ్మగారిల్లు.

అమ్మినాయన తప్పు లేదు. ఆయన కారు తెరమీద ఫ్యాక్టరీ రీసెట్ నొక్కే ఇచ్చాడు. ఆ మీట తుడిచేది కారులో ఉన్న కాంటాక్టులను, పాటలను, ఇంటి వైఫై పాస్‌వర్డ్‌ను. ‘ఈ కారు ఫలానా వారిది’ అన్న లెక్క కంపెనీ సర్వర్‌లో ఉంటుంది, దాన్ని ఆ మీట ముట్టుకోలేదు. ఇది కొత్త సంగతీ కాదు. 2017లోనే చార్ల్స్ హెండర్సన్ అనే భద్రతా పరిశోధకుడు తాను ఎన్నడో అమ్మేసిన కారు ఎక్కడ ఉందో చూడగలగడమే కాక, దాని తాళం కూడా తన ఫోను నుంచి తీయగలుగుతున్నానని శాన్ ఫ్రాన్సిస్కో సదస్సులో బయటపెట్టాడు. అమ్మేముందు ఆయన కూడా అన్నీ చెరిపేశాననే అనుకున్నాడు. ఇన్నేళ్లయినా రీసెట్ మీట కింద ‘దీనితో యాప్ ఖాతా పోదు’ అన్న ఒక్క వాక్యం రాయడానికి తయారీదారులకు తీరిక దొరకలేదు. డాష్‌బోర్డు వెలుగుకు అరవై నాలుగు రంగులు పెట్టడానికి మాత్రం దొరికింది.

అసలు వినోదం ఆ తర్వాత జరిగింది. ఖాతా మార్చమని కంపెనీకి రాస్తే ఆర్‌సీ ఫొటో, ఫోను నంబరు మెయిల్ చేయమన్నారు. చేశాడు. రెండు రోజుల్లో మార్చేశారు. పంపింది ఎవరో అడగలేదు, పాత యజమానికి ఒక్క సందేశం పంపలేదు. ఆ ఆర్‌సీ ఫొటో అప్పటికే ముగ్గురు బ్రోకర్ల వాట్సాప్‌లో, ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు ఫోనులో ఉంది. దాని మీద ఛాసిస్ నంబరు ఉంటుంది. ఆ నంబరు ఒక్కటే చాలిన రోజులు కూడా ఉండేవి: 2016లో ట్రాయ్ హంట్ అనే భద్రతా పరిశోధకుడు ఆస్ట్రేలియాలో కూర్చుని ఇంగ్లండ్‌లోని మిత్రుడి ఎలక్ట్రిక్ కారు ఏసీ వేసి చూపించాడు. యాప్ వెనక ఉన్న సర్వర్ పాస్‌వర్డే అడగలేదు. కాబట్టి దయచేసి ఆర్‌సీ, ఆధార్ ఫొటోలను ‘రేటు ఎంత రావచ్చు’ అని అడిగిన ప్రతివాడికీ పంపకండి. పంపేవాళ్ల మీద నాకు జాలి కన్నా కోపమే ఎక్కువ.

మీరు చేయవలసింది ఇది. చివరి మొత్తం చేతికి ఇచ్చే ముందు అమ్మేవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆయన ఫోనులో, ఆయన యాప్‌లో, కారును ఆయన చేతే తీసేయించండి. ఆ యాప్‌లో ఆయన భార్యకు, డ్రైవరుకు ఇచ్చిన అనుమతులు ఉంటే అవీ పోవాలి. తర్వాత మీ ఫోనులో మీ పేరున చేర్చుకోండి. ఆయన మళ్లీ యాప్ తెరిచి కారు కనిపించడం లేదని చూపించాక డబ్బు పంపండి. ‘రేపు చేస్తానండీ’ అంటే డబ్బు కూడా రేపే. ఇరవై నిమిషాల పని, మధ్యలో కాఫీ తాగవచ్చు. తాళాలు ఎన్ని ఉన్నాయో, తాళంగా పనిచేసే కార్డులు ఎన్ని ఇచ్చారో లెక్కపెట్టుకోండి. స్టీరింగ్ కింద పోర్టులో ఏదైనా డాంగిల్ వేలాడుతుంటే పీకేయండి. బజారులో దొరికే చవకరకం డాంగిల్‌కు 1234 పాస్‌వర్డు, పక్క సిగ్నల్‌లో ఆగినవాడు కూడా జత కలుపుకోగలడు.

అద్దం మీది ఫాస్టాగ్‌ను ఎవరూ తలుచుకోరు. విమానాశ్రయం దారిలో టోల్ దాటిన మరుక్షణం, ఏ ప్లాజాలో ఎంత కోశారో పాత యజమాని ఫోనుకు సందేశం వెళుతుంది. సర్వర్‌లో ఎంత శుభ్రం చేసుకున్నా ఆ స్టిక్కరు మీ జాడ చెబుతూనే ఉంటుంది. ఆయన చేత దాన్ని మూయించి, మీ పేరున కొత్తది తీసుకోండి. వాహన రికార్డులో ఫోను నంబరు కూడా మార్పించుకోండి, లేకపోతే మీ చలానాలు ఆయన చదువుకుంటాడు.

బ్యాటరీ సంగతి. నూరు శాతం ఛార్జింగ్ పెట్టినప్పుడు తెరమీద కనిపించే కిలోమీటర్లను నమ్మవద్దు, అది ఇటీవలి డ్రైవింగ్ చూసి కారు వేసుకునే అంచనా. సర్వీస్ సెంటర్ నుంచి బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతమో రాసి ఉన్న నివేదిక అడగండి. ఇక్కడ చాలా కార్లకు బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. అది రెండో యజమానికి అలాగే వస్తుందా, తగ్గుతుందా అన్నది వారంటీ పుస్తకంలో చదవండి, బ్రోకరు నోట వినకండి. కారు మరీ పాతదైతే ఫాస్ట్ ఛార్జింగ్ ప్లగ్గు ఇప్పుడు ఇక్కడ ఎక్కువగా వాడే సీసీఎస్2 రకమేనా అని చూడండి.

ఇక ఇల్లు. యూనిట్ రేటు, ఖర్చు లెక్కలు ఇక్కడ ఎన్నోసార్లు రాశాను, మళ్లీ రాయను. కారు వచ్చాక మీ పార్కింగ్‌లో ఛార్జింగ్ ఎక్కకపోతే కారును తిట్టే ముందు ఎర్తింగ్ చూపించండి. ఎర్త్ సరిగ్గా లేకపోతే ఛార్జరు ఎర్రదీపం వెలిగించి మొండికేస్తుంది, అది దాని మంచితనం. మీటరు తెచ్చి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిచే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. రెండు తీగలు కలిపి ‘ఇప్పుడు ఎక్కుతుంది సార్’ అనేవాడిని గేటు దగ్గర నుంచే పంపించేయండి.